ముప్పై ఎనిమిదో నిమిషం

నూకరత్నం తల చుట్టుకొలత యాభై ఎనిమిది సెంటీమీటర్లు. అందులో గొప్పేముంది అంటారేమో. ఆ తలని నమ్ముకునే తొమ్మిదేళ్ళుగా ఓ హెల్మెట్ల కంపెనీ నడుస్తోంది. గాజువాక ఆటోనగర్‌లో, వెల్డింగు షెడ్ల వెనకాల, రెండంతస్తుల ఫ్యాక్టరీ. పేరు మనకెందుకు. పై అంతస్తులో పరీక్షల గది, ఆ గదిలో కదలని మోటారు సైకిలొకటి, దాని ముందు మనిషెత్తు ఫ్యాను. హెల్మెట్ పెట్టుకుని ఆ బండి మీద గంటసేపు కూర్చోవడం రత్నం ఉద్యోగం. కూర్చుని పది నిమిషాలకోసారి ఫారం మీద రాయాలి. ఎక్కడ ఒత్తుతోంది, చెమట ఎక్కడ నిలుస్తోంది, అద్దం మీద ఆవిరి పడుతోందా, వెనకనుంచి హారను వినిపిస్తోందా, పట్టీ ఒంటిచేత్తో వస్తోందా. చివర్న పదికి మార్కులు. "కూర్చుని జీతం తినడమంటే నీదే అప్పా" అని తమ్ముడు సింహాద్రి ఆటపట్టించేవాడు.

ఆ గది గుమ్మం మీద, కంపెనీ పెట్టిన పెద్దాయన పెయింటుతో రాయించిన మాట ఒకటుంది. సంతకం పెట్టే తల ముందు గంటసేపు లోపల ఉండాలి. అంటే, ఫారం మీద ఆఖరి సంతకం ఎవరిదో వాళ్ళు ఆ హెల్మెట్‌ని గంటసేపు మోసి తీరాలి. పెద్దాయన పోయాక ఆ అక్షరాలకి బూజు పట్టింది. రత్నం మాత్రం నెలకోసారి స్టూలెక్కి తడిగుడ్డతో తుడిచేది.

ఇక మార్కులతో వచ్చిన చిక్కేమిటంటే, ఒకరికి గుచ్చుకున్నది ఇంకొకరికి గుచ్చుకోదు. నొప్పి అని చెప్తే నమ్మేదెవరు? అందుకని ఆ గదిలోనే తయారైంది గుర్తుపొర. హెల్మెట్ లోపల స్పాంజికి బదులు వేలెడు మందాన తేనెరంగు జెల్. మొదటిసారి దాన్ని అస్తరు కుట్టే మస్తాన్ భాయ్ పెట్టుకుని ఊళ్ళో గంట తిరిగొచ్చాడు. తర్వాత రత్నం పెట్టుకుని కదలని బండి మీద కూర్చుంది. ఫ్యాను వెయ్యలేదు, కిటికీ తెరవలేదు. అయినా నుదుటి మీద ఎండ కాసింది, స్పీడు బ్రేకరు దగ్గర మాడు అదిరింది, కుడిచెవి వెనక ఒకటే దురద.

"భాయ్, నీ చెవెనక ఏటుంది?" అని అడిగింది.

మస్తాన్ భాయ్ మొహం దించుకుని, "తామరమ్మా. మందు రాస్తన్నాను" అన్నాడు. గదంతా నవ్వులే నవ్వులు.

ఒక తల పడ్డది పడ్డట్టు ఇంకో తలకి అప్పజెప్పే పొర అది. ఒత్తిడి, వేడి, తడి, అదురు, అన్నీ అదే వరసలో, అదే వేళకి. కాకపోతే ఒక్కసారే. అప్పజెప్పాక పిండేసిన గుడ్డలా ఖాళీ అయిపోతుంది. నకలు తియ్యడానికి లేదు. కంప్యూటరుకి తగిలిస్తే గీతలు మాత్రం కనిపిస్తాయి. రెండు తలలూ ఒకే కొలతవి అయితేనే పనిచేస్తుంది. రత్నానిదీ, ఆవిడ తమ్ముడిదీ ఒకే కొలత.

సింహాద్రి ఓ రక్తపరీక్షల సెంటరుకి నమూనాలు మోసేవాడు. పొద్దున్నే గాజువాకలో సీసాలెత్తుకుని అనకాపల్లి దాకా వెళ్ళి రావడం. ఎలాగూ రోజంతా రోడ్డు మీదే ఉంటాడని, కంపెనీవాళ్ళు గుర్తుపొర వేసిన కొత్త నమూనా హెల్మెట్లన్నీ అతనికిచ్చి తిప్పించేవారు. అమ్మ పోయాక రత్నం అన్నం తినిపించి పెంచిన తమ్ముడు. ఇరవై ఏడేళ్ళు నిండాయి, గౌరితో పెళ్ళై ఏడాదయింది.

ఆరో నమూనాకి రత్నం పదికి మూడు మార్కులు వేసింది. ఎడమచెవి వెనక అస్తరు కుట్టు మందంగా ఉంది, అరగంట దాటితే భరించలేం, రోడ్డు మీద మనిషి పట్టీ తీసేస్తాడు, బయటికి పంపొద్దు అని స్పష్టంగా రాసింది. ఆ మర్నాడే జ్వరమొచ్చి వారం మంచమెక్కింది. తిరిగొచ్చేసరికి బల్ల మీద టైపు చేసిన కొత్త ఫారం ఉంది. మార్కులు ఎనిమిది. పరీక్షించినవారు, సంతకం చేసినవారు, రెండు చోట్లా విభాగం పెద్ద చక్రపాణి పేరే. కుట్టు మార్చారు కాబోలు, సారే గంట కూర్చుని చూశారు కాబోలు అనుకుంది. గుమ్మం మీది మాటని అంతగా నమ్మిన మనిషికి ఇంకో అనుమానం ఎలా వస్తుంది? తొమ్మిదేళ్ళలో ఆ ఒక్కసారి, ఒంట్లో ఓపిక లేక, పది నిమిషాలు పెట్టుకుని చూసి తమ్ముడి చేతికిచ్చింది.

కుట్టు మార్చలేదు. చక్రపాణి ఆ హెల్మెట్‌ని చేత్తో కూడా ఎత్తలేదు.

లంకెలపాలెం దాటాక సింహాద్రి పట్టీ తీసేశాడు. మూడు నిమిషాలకి లారీ తగిలింది. హెల్మెట్ ఒకవైపు, మనిషి ఒకవైపు. కంపెనీ తరఫున చక్రపాణి విచారణలో రాసిచ్చిన కాగితంలో రెండు వాక్యాలు రత్నానికి కంఠతా వచ్చేశాయి. పట్టీ ఊడదీసుకోవడం పూర్తిగా రైడరు నిర్లక్ష్యం. స్వల్ప అసౌకర్యానికి ఎవరూ పట్టీ తీయరు.

స్వల్పమట. నాలుగు నెలలుగా అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా ఆ మాటే, పళ్ళు తోముకుంటున్నా ఆ మాటే. రత్నానికి కోర్టులూ అక్కర్లేదు, క్షమాపణలూ అక్కర్లేదు. ఆ మాట రాసిన తల కావాలి. అది యాభై ఎనిమిదే. కంపెనీలో అందరి తలలూ ఆవిడే టేపు పెట్టి కొలిచింది.

* * *

పోలీసులు తిరిగిచ్చిన హెల్మెట్ గుడ్డసంచిలో, బీరువా మీద ఉంది. చక్రపాణి రెండుసార్లు అడిగాడు. ఇంకా స్టేషన్లోనే ఉందండీ అని రత్నం రెండుసార్లూ అబద్ధమాడింది. కంప్యూటరుకి తగిలించి గీతలు చూసుకుంది కానీ నెత్తిన పెట్టుకోలేదు. నలభై ఒక్క నిమిషాలున్నాయి అందులో. సింహాద్రి ఈ లోకంలో మిగిల్చిన నలభై ఒక్క నిమిషాలు.

ఆదివారం మధ్యాహ్నం ఆ సంచి దింపి గౌరి ముందు పెట్టింది. గౌరి చింతచిగురు ఏరుతోంది.

"ఇది ఒక్కసారే పలుకుద్ది గౌరీ. నువ్వు పెట్టుకుంటానంటే కొలత కుదరకపోయినా ఏదో చేసి కుదురుస్తాను. నీ మొగుడిది. హక్కు నీది."

గౌరి సంచి విప్పలేదు. పైనుంచే చెయ్యి వేసి చూసి తీసేసింది.

"నువ్వేటి అనుకుంటన్నావు వదినా?"

"ఆ చక్రపాణిగాడి నెత్తిన పెట్టాలనుంది."

గౌరి ఏరిన చిగురు ఒకపక్కకి తోసింది. ఆ పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి కానీ నీళ్ళు రాలేదు.

"మీ తమ్ముడికి ఆ రోజు ఎక్కడ నొప్పెట్టిందో తెలుసుకుని నేనేటి చేస్తాను? నాకేటి నొప్పి తక్కువైందా? మొయ్యాల్సినోడు మొయ్యాలి. పెట్టీ వదినా. గట్టిగా బిగించి పెట్టు."

ఇద్దరూ ఆ రోజు అన్నం కడుపునిండా తిన్నారు. నాలుగు నెలల తర్వాత అదే మొదలు.

* * *

గుర్తుపొరని దేశమంతా అమ్మడానికి అనుమతి కావాలి. దానికోసం ఢిల్లీ నుంచి ముగ్గురు వచ్చారు. పెద్దావిడ ఒకరు, ఆవిడ వెనక ఇద్దరు మగవాళ్ళు. ఆవిడ జుట్టు తెల్లబడింది, మాట తక్కువ. తెలుగావిడే. చక్రపాణి కొత్త చొక్కా వేసుకుని గది నాలుగు మూలలా తిరుగుతున్నాడు. ఈ రోజు ప్రదర్శనకి భీమిలి బీచ్ రోడ్డు మీద రత్నం తిరిగొచ్చిన గంట ప్రయాణం సిద్ధం చేయమన్నాడు. సముద్రం గాలి, చల్లటి ఉదయం, ఏ ఒత్తిడీ లేదు.

ముందురోజు పగలు భోజనాల వేళ, గదిలో ఎవరూ లేనప్పుడు, మస్తాన్ భాయ్ ఆ భీమిలి పొరని ఊడదీసి సింహాద్రి పొరని కొత్త హెల్మెట్‌లో కుట్టాడు. ఎడమచెవి వెనక ఆ మందపాటి కుట్టు ఉన్నదున్నట్టే ఉంచాడు. కుడుతూ తలెత్తకుండానే అన్నాడు.

"ఉద్యోగం పోద్దమ్మా. నాదీ, నీదీ."

"నాది పోతే పోనీ భాయ్. నీ పేరు రాకుండా చూస్తాను."

"నా పేరు గురించి కాదు" అని ఆయన దారం కొరికేశాడు. "ఈ కుట్టు నా చేత్తో వేసిందే గదా. మందంగా ఉంది, మార్చమంటారా అనడిగితే, టైము లేదు పోనీ అన్నాడు చక్రపాణి సారు. నేను పోనిచ్చాను." రత్నానికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. మస్తాన్ భాయ్ మీద కోపం తెచ్చుకునే ఓపిక లేదావిడకి, ఉన్న కోపమంతా ఒకచోటే కావాలి.

వచ్చిన ముగ్గురికీ టీలు అందాక పెద్దావిడ తలెత్తి గుమ్మం మీది అక్షరాలు చదివింది. రత్నం ఆ పొద్దున్నే వాటిని మెరిసేలా తుడిచి పెట్టింది మరి.

"ఇది ఇప్పటికీ పాటిస్తారా?" అని ఆవిడ అడిగింది.

"తప్పకుండా మేడమ్. గంట మొయ్యకుండా నేను ఒక్క సంతకం పెట్టను" అన్నాడు చక్రపాణి. ఆ నోటికి అబద్ధం వెన్నముద్దలా జారుతుంది.

"అయితే సార్‌నే కూర్చోమనండి" అంది రత్నం మెల్లగా. "ప్రదర్శన నేను చేస్తే నా మాటే అవుతుంది. సార్ కూర్చుంటే సంతకానికీ పనికొస్తుంది."

అందరూ బాగుందన్నారు. చక్రపాణికి కాదనే సందు లేదు. భీమిలి గాలే కదా అనుకున్నాడేమో, నవ్వుతూ బండెక్కాడు. రత్నం స్వయంగా హెల్మెట్ తొడిగి, గడ్డం కింద పట్టీ బిగించింది.

"ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసెయ్యచ్చు సార్. స్వల్ప అసౌకర్యానికి ఎవరూ పట్టీ తియ్యరనుకోండి."

ఆ వాక్యం తనదేనని ఆయనకి గుర్తు రాలేదు. "చచ్చినా తియ్యను" అని వచ్చినవాళ్ళకేసి చూసి నవ్వాడు. రత్నం ఫ్యాను వేసి, పొరని మొదలుపెట్టే మీట నొక్కి, గోడ గడియారం చూసింది. పదకొండూ ఐదు.

"ఆఁ, మొదలైంది. ఎవరో నెత్తి మీద తట్టారు మేడమ్. రెండుసార్లు. ఎంత స్పష్టంగా తెలుస్తోందో చూశారా, అదీ దీని గొప్పతనం" అన్నాడు చక్రపాణి హుషారుగా.

రత్నం వెంటనే గుర్తుపట్టింది. ఆ రోజు గుమ్మంలో తమ్ముడికి పట్టీ పెట్టి, వెళ్ళిరా అని తను తట్టిన తట్టులవి. గీతల్లో రెండు చిన్న ముళ్ళు కనబడితే ఏదో అదురనుకుని దాటేసింది. తన చెయ్యి సింహాద్రి మాడు మీద ఆఖరిసారి పడింది కాస్తా ఇప్పుడు ఈ మనిషి నెత్తికి పోయింది. ఇక తిరిగి రాదు. మీట తన చేతి కిందే ఉంది. ఇప్పుడాపితే మిగతా నలభై నిమిషాలైనా దక్కుతాయి. మస్తాన్ భాయ్ గుమ్మం దగ్గర్నుంచి ఆవిడకేసే చూస్తున్నాడు. రత్నం మీట మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. వీడికి దక్కకూడనిది దక్కింది, ఇక పడాల్సిందంతా పడాల్సిందే అనుకుంది.

చక్రపాణి ఉపన్యాసం సాగుతోంది. గాలి రంధ్రాలు ఎన్ని, అద్దం ఎలా పైకి లేస్తుంది, కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకి పక్కన వదిలిన ఖాళీ ఎంత. పన్నెండో నిమిషంలో మధ్యలో ఆగి, "బుగ్గలు పైకి లేస్తున్నాయి. ఈ మనిషి నవ్వుతున్నాడు" అన్నాడు. కుడిబుగ్గ మీద బల్లపరుపుగా ఏదో గట్టిగా ఒత్తుతోందని కూడా చెప్పాడు. అది ఫోను. రోడ్డు పక్కన ఆపి, ఫోను హెల్మెట్లో దోపి గౌరితో మాట్లాడాడు సింహాద్రి. "చాలాసేపు నవ్వాడు" అన్నాడు చక్రపాణి, ఎవరో చుట్టం సంగతి చెబుతున్నట్టు. రత్నం గోళ్ళు అరచేతిలోకి దిగాయి.

"రత్నం, ఇది నువ్వేనా?" అని అడిగాడు కాస్త ఆగి.

"కూర్చోండి సార్. తెలుస్తుంది."

ఇరవై ఐదో నిమిషానికి ఎడమచేతి వేలు హెల్మెట్ అంచు కిందకి వెళ్ళింది. తీసేశాడు. మళ్ళీ వెళ్ళింది. మాటలు పొట్టివైపోయాయి. పెద్దావిడ ముందుకి వంగి, "ఇబ్బందిగా ఉందా?" అంది.

"అబ్బే. స్వల్పం."

ముప్పై దాటాక ఆ స్వల్పం కూడా అనలేదు. మెడ మీద చెమట కారి కొత్త చొక్కా కాలరు తడిసింది. తల ఒకసారి కుడికి వంచాడు, ఒకసారి ఎడమకి. పళ్ళు కొరుకుతున్నట్టు దవడ కదులుతోంది. ఎడమచెవి వెనక, మేకు పెట్టి నెమ్మదిగా నొక్కుతున్నట్టు ఉంటుంది ఆ కుట్టు. ఆ సంగతి రత్నానికి తెలుసు, మూడు మార్కులు వేసిన తల ఆవిడది. గదిలో ఫ్యాను మోత తప్ప ఇంకేం లేదు. ఆవిడ గడియారాన్ని చూడ్డం మానేసి ఆయన కుడిచెయ్యినే చూస్తోంది.

పదకొండూ నలభై మూడు. ఆ చెయ్యి లేచింది. గడ్డం కిందకి పోయింది. టక్కుమని పట్టీ ఊడింది.

"హమ్మయ్య" అన్నాడు చక్రపాణి.

ఏం చేశాడో ఆయనకే తెలీలేదు. చూసినవాళ్ళకి తెలిసింది. పెద్దావిడ పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. రత్నానికి మాత్రం ఆ మాట సింహాద్రి గొంతులో వినిపించింది. నా తండ్రీ, నువ్వూ ఇలాగే అనుంటావు, నీ తప్పేం లేదురా అనుకుంది. వచ్చే ఏడుపుని మింగేసింది. ఇంకా మూడు నిమిషాలున్నాయి.

ఆ మూడు నిమిషాలూ చక్రపాణి హాయిగా కూర్చున్నాడు. నలభై ఒకటో నిమిషంలో పొరంతా ఒక్కసారిగా ఉబ్బి, వెనక్కీ పైకీ లాగింది. ఫ్యాను గాలి తోడైంది. హెల్మెట్ తల మీంచి లేచి, వెనక నేల మీద పడి, దొర్లుకుంటూ పోయి గోడకి తగిలింది. ఆయన కెవ్వుమని బండి మీంచి దిగిపడి, రెండు చేతులతో ఉత్త తల పట్టుకున్నాడు.

రత్నం ఫ్యాను కట్టేసింది.

"ఎవరిది?" అన్నాడు ఆయన. "ఎవరిది రత్నం ఇది?"

"నా తమ్ముడు సింహాద్రిది సార్. మీరు నిర్లక్ష్యమని రాశారే, ఆ తలది. ఆరో నమూనా. మీరు గంట మోశానని సంతకం పెట్టిన కుట్టు. ఇవాళైనా మోశారు, నలభై ఒక్క నిమిషాలు. ఆడు మోసింది కూడా అంతే."

వచ్చిన మగవాళ్ళలో ఒకాయన ఇదేం పద్ధతి అని లేవబోతే, పెద్దావిడ చేత్తో కూర్చోమంది. "ఫారం ఉంటుంది కదా మీ దగ్గర. ఆయన్నే నింపమనండి" అంది.

రత్నం ఖాళీ ఫారం, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది. చక్రపాణి చాలాసేపు పెన్ను ముట్టలేదు. ఎడమచెవి వెనక రుద్దుకుంటూనే ఉన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, రాయడం మొదలుపెట్టాడు. ఇప్పుడే పడి లేచిన తల, అబద్ధం వెతుక్కునే ఓపిక దానికి లేదు. ముప్పై ఎనిమిదో నిమిషం దగ్గర, నొప్పి భరించలేక పట్టీ తీశాను అని రాశాడు. మార్కుల గడిలో సున్నా వేశాడు.

"సున్నా కాదు సార్. అద్దం బాగుంది, గాలి బాగానే ఆడుతుంది, హారను వినిపిస్తుంది. మూడు. నేనిచ్చింది అదే. ఉన్నదే రాయండి."

ఆయన సున్నా కొట్టేసి మూడు వేసి సంతకం పెట్టాడు. పెద్దావిడ ఆ కాగితం తీసుకుని, దాని కాపీ ఒకటి రత్నం చేతికిచ్చింది. పాత ఫారం, విచారణ కాగితం కూడా కావాలంది. రత్నం సంచిలోంచి రెండూ తీసి ఇచ్చింది. నాలుగు నెలలుగా ఆ సంచిలోనే తిరుగుతున్నాయవి.

* * *

గౌరి ఆ కాపీని రెండుసార్లు చదివింది. పన్నెండో నిమిషం దగ్గర వేలు పెట్టి ఆగింది. బుగ్గలు పైకి లేచాయి, చాలాసేపు నవ్వు అని ఉందక్కడ.

"చారులో ఉప్పు రెండుసార్లు ఏసేనని సెప్పేను వదినా. అందుకు. ఆగకుండా నవ్వేరు."

ఫోను మోగింది. చక్రపాణి. రత్నం ఎత్తి, గౌరికి వినబడేలా బల్ల మీద పెట్టింది.

"రత్నం, ఆ చెవి వెనక... ఇంకా ఒత్తుతూనే ఉంది. పడుకున్నా, లేచినా. మామూలుగా కాసేపటికి పోతుంది కదా. ఇది ఎప్పటికి పోతుంది?"

పోతుందో పోదో రత్నానికి తెలీదు. ప్రాణం పోయిన తల తాలూకు పొరని ఇంతవరకు ఎవరూ పెట్టుకోలేదు.

"స్వల్పమే కదా సార్" అని ఫోను పెట్టేసింది.

గౌరి మళ్ళీ కాగితం చేతిలోకి తీసుకుంది. మొదటి వరస మీద వేలు పెట్టింది. "ఈ రెండు దెబ్బలేటి వదినా? నెత్తి మీద తట్టారు అని ఉంది."

"నేనే. బయల్దేరినప్పుడు."

"అది కూడా ఆడికే పోయిందా?"

రత్నం తలూపింది. పొద్దుట్నుంచీ మింగిన ఏడుపు అప్పుడొచ్చింది. గెలిచానన్న సంతోషం ఉంది, లేకపోలేదు. కానీ ఆ రెండు తట్టులు ఆ తలలో ఉన్నాయి, ఈ ఇంట్లో లేవు.

గౌరి కాగితం మడిచి పక్కన పెట్టింది. రత్నం ముందు కింద కూర్చుని, జడ పక్కకి తీసుకుని తల వంచింది.

"ఏదీ, ఎలాగ తట్టేవో తట్టు" అంది.

రత్నం కళ్ళు తుడుచుకుని, చెయ్యి ఆ పిల్ల మాడు మీద పెట్టి, రెండుసార్లు తట్టింది.